గోంగూర పువ్వు దాకా వచ్చిన ఏడాది

ఈ మధ్య మేమిద్దరం కొన్నాళ్లు పూరీలో ఉండి, తిరిగి కలకత్తా న్యూ టౌన్‌లోని మా ఫ్లాటుకు వచ్చేసరికి, బాల్కనీ కుండీలోని ఎర్ర గోంగూర పూసి ఉంది. మీగడ రంగు రేకులు అయిదు, వాటి మొదట్లో ముదురు దానిమ్మ రంగు మచ్చ, నడుమ పసుపు పుప్పొడి అద్దుకున్న కేసరాల గొట్టం. చూడముచ్చటగానే ఉంది. అయినా దాన్ని చూసిన క్షణంలో నాకు సిగ్గు వేసింది. చేతిలో సంచీ దించకుండానే వెళ్లి, ఆ కుండీని బట్టలు ఆరేసే స్టాండు వెనక్కి జరిపాను. మా వారు గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి, పదకొండో అంతస్తులో గద్దలు తప్ప మరెవరు చూస్తారని దాస్తున్నావని అడిగారు. నిజమే, చూసే వాళ్లెవరూ ఇప్పుడు లేరు. ఒకప్పుడు ఉండేవారు. నా వయసు వాళ్లకు, ముఖ్యంగా శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికో రేవు పనికో కలకత్తా చేరిన కుటుంబాలలో పుట్టినవాళ్లకు, నేనెందుకు దాచానో విడమరచి చెప్పనక్కరలేదు. మిగిలిన వారికోసం చెబుతాను.

మా వాళ్లలో గోంగూర పూసిందంటే ఆ మాట ఇల్లాలి మీదకు వస్తుంది. పూత మొదలయ్యాక ఆకు చిన్నబడుతుంది, ముదురుతుంది, నమిలితే నార తేలుతుంది. కనుక పనిమంతురాలైన ఇల్లాలు మొగ్గ కంటబడక మునుపే మొక్కలను మోడు చేసి, ఆ ఆకంతా ఆరబెట్టి, వేయించి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి చేర్చి రోట్లో దంచి, జాడీకెత్తాలి. ఇలా దంచి నిల్వచేసిన పచ్చడిని మా ఇంట్లో తొక్కు అనేవారం. ఈ మాట గుర్తుంచుకోవలసిందిగా ప్రార్థన. జరిగిన గొడవకంతటికీ ఇదే మూలం. ఇక ఎవరి పెరట్లోనైనా గోంగూర పువ్వు విచ్చుకుందంటే, ఆ ఇంటి ఆడమనిషి మధ్యాహ్నాలు పడుకుంటోందని అర్థం. గింజల మాటేమిటంటారా, అవి ఏటా ఊరినుంచి వచ్చేవాళ్లెవరో ఒకరు తెచ్చేవారు. అక్కడ పొలాల్లో గోగునార కోసం పెంచేవారు కనుక ఎంత పూసినా ఎవరూ ఏమీ అనుకొనేవారు కారు. పెరటి గోంగూరకే ఆ నియమం.

ఈ మొక్క అసలు పుట్టిల్లు ఆఫ్రికా ఖండపు ఉష్ణప్రాంతమనీ, ఓడలెక్కి మన దేశానికి వచ్చిందనీ చాలాకాలం తరువాత ఒక పుస్తకంలో చదివి మా అమ్మతో చెప్పాను. ఆమె నన్ను జాలిగా చూసింది.

“ఆఫ్రికా ఏటే? మా కన్నోరి పెరట్లోది. గింజలు నా కొంగున కట్టుకొచ్చినాను.”

ఆ తరువాత ఈ విషయంలో మా ఇంట చర్చ జరగలేదు.

నేను చెబుతున్న రోజుల్లో మేము హౌరా పక్కనున్న లిలువాలో రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. నేను అప్పుడే డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసరుగా చేరాను. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన పటాలను ఇంకుతో నకలు తీయడం నా పని. గీత మందం వెంట్రుకవాసి తేడా వచ్చినా మళ్లీ గీయవలసిన ఆ ఉద్యోగం వల్లనే నాకు ప్రతి వస్తువునూ కొలిచి చూసే జబ్బు పట్టుకుందని మా వారి అభిప్రాయం. మా క్వార్టరుకూ పక్క క్వార్టరుకూ వెనుక వైపు నడుమెత్తు గోడ ఒకటి ఉండేది. గోడకు ఇటు అమ్మ గోంగూర మడి, అటు పక్కింటివారి వంటింటి కిటికీ.

పక్కింట్లో ఉండేది నాన్నతో పాటే పనిచేసే ఒక బెంగాలీ ఆయన, ఆయన భార్య, ఆయన తల్లి. ఆ భార్యను నేను వాళ్ల వరసలో మాసీమా అనేదాన్ని. ముసలావిడను అందరం ఠాకుమా, అంటే నాయనమ్మ, అనేవాళ్లం. ఠాకుమా తూర్పు బెంగాల్లో పుట్టి పెరిగిన మనిషి, మాసీమాది ఇటు గట్టు, అంటే పశ్చిమ బెంగాల్. తూర్పువాళ్లు కూరలో చక్కెర పడితే సహించరు, ఇటువాళ్లు పడకపోతే సహించరు. ఆ ఇంటి అత్తాకోడళ్ల మధ్య రాజకీయమంతా ఒక చెంచా చక్కెర చుట్టూ తిరుగుతుండేది.

ఆ ఏడు వానాకాలంలో ఠాకుమాకు విషజ్వరం వచ్చి తగ్గింది. జ్వరం తగ్గింది కానీ నోటికి రుచి తిరిగి రాలేదు. చేపలు వద్దంది, పప్పు వద్దంది, చివరికి మరమరాలూ టీ మీదే రోజులు గడుపుతూ దారంలా అయిపోయింది. ఏది తినాలనిపిస్తే అది పెట్టమని డాక్టరు చెప్పి వెళ్లిపోయాడట. ఆమె కొడుకు మంచాన్ని తెచ్చి వెనుక కిటికీ పక్కన వేశాడు, గాలి తగులుతుందని. అప్పటినుంచి ఆమె రోజంతా అక్కడే కూర్చుని మా గోంగూర మడిని కాపలా కాసేది. మేక తొంగిచూస్తే అదిలించేది, పిచ్చుక వాలితే చేయి విసిరేది. పాపం మన మొక్కలంటే ఎంత ప్రేమోనని అమ్మ మురిసిపోయింది. అమ్మ వెళ్లి కింది ఆకులు నాలుగు తుంచినప్పుడల్లా కిటికీలోంచి సన్నగా మూలుగు వినిపించేది. మోకాళ్లు సలుపుతున్నాయి కాబోలనుకుని అమ్మ గోరువెచ్చటి ఆముదం గిన్నెలో పోసి గోడమీదుగా అందించేది. అలా ఆ వానాకాలమంతా అమ్మ ఆకు తుంచడం, ఆమె మూలగడం, ఇటునుంచి ఆముదం వెళ్లడం జరిగింది. మర్దన చేయించుకున్న ఆ మోకాళ్లలో అసలు నొప్పే లేదని తరువాత తెలిసింది.

అమ్మ బెంగాలీ గురించి ఒక మాట చెప్పాలి. ఆమె దాన్ని చేపలమ్మే మనిషి దగ్గర, పాలవాడి దగ్గర నేర్చుకుంది. బేరమాడడానికి, తగవు పెట్టుకోవడానికి ఆ భాష చక్కగా సరిపోయేది. ఇతర సందర్భాలలో తెలిసిన ముక్క ఒక్కటి పట్టుకుని మిగిలినది తానే పూరించుకొనేది. దుర్గాపూజల రోజుల్లో ఒక ఉదయం, నేను ఇంట్లో లేనప్పుడు, ఠాకుమా కిటికీ చువ్వలు పట్టుకుని అమ్మను పిలిచి ఆశగా అడిగింది.

“ఎబార్ టొక్ హొబే తో?”

ఈసారి టొక్ అవుతుంది కదా అని దాని అర్థం. బెంగాలీలో టొక్ అంటే పులుపు, పుల్లటి వంటకం కూడానూ. వాళ్లకు ఈ మొక్క ఆకుతో పనిలేదు. పువ్వు వాడి రాలిపోయాక, కాయను చుట్టి ఉండే ఎర్రటి కండగల దొప్పలు, శాస్త్రభాషలో రక్షకపత్రాలు, వాటిని ఒలిచి పలుచగా ఉడికించి ఆవాల తిరగమోతతో చేసేదే వాళ్ల టొక్. చిన్ననాట తన ఊళ్లో తిన్న ఆ టొక్ ఒక్కటే ఇక తన నోటికి సయిస్తుందని ఠాకుమా తీర్మానించుకుంది. ఆ దొప్పల కోసమే వానాకాలం నుంచి కాచుకుని కూర్చుంది.

అమ్మకు మాత్రం టొక్ అన్న శబ్దం తొక్కుగా వినిపించింది. బెంగాలీవాళ్లకు మన తొక్కు సంగతి ఎలా తెలిసిందా అని ఆశ్చర్యపడి, అంతలోనే గర్వపడి, హొబే, హొబే, బోలెడు హొబే అని మాట ఇచ్చేసింది. ఇద్దరూ పరమ సంతోషంగా విడిపోయారు.

లక్ష్మీపూజకు పక్కింటివాళ్లు ఠాకుమాను కూడా తీసుకుని బంధువుల ఇంటికి వెళ్లారు. వాళ్లు తిరిగి వచ్చేలోగా ముసలావిడను ఆశ్చర్యపరచాలని అమ్మ నడుం బిగించింది. ఏ మొక్కకూ చిగురన్నది మిగల్చకుండా ఆకంతా దూసి, తొక్కు దంచింది. ఎప్పటికంటె మిరపకాయలు ఎక్కువే వేసింది, నోరు చచ్చిన మనిషికి కారం తగలాలని. నేను ఆఫీసునుంచి వచ్చేసరికి జాడీ మూతికి తెల్లటి గుడ్డ కట్టి, అదేదో బహుమతి ప్రదానోత్సవానికి వెళ్లే కప్పులాగ సిద్ధంగా ఉంచింది.

మరునాడు వాళ్లు రాగానే అమ్మ ఆ జాడీని తానే మోసుకువెళ్లి ఠాకుమా ఒళ్లో పెట్టింది. టొక్ ఏదని ఠాకుమా అడిగింది. ఇదే టొక్ అని అమ్మ జాడీ మీద తట్టి చూపింది. ఠాకుమా గుడ్డ విప్పి ఆ నల్లటి ముద్దను చూసింది. తరువాత కిటికీలోంచి మడి వైపు చూసింది. అక్కడ పుల్లలు నిలబడి ఉన్నాయి. మర్యాదస్థురాలు కనుక వేలితో కాస్త తీసి నాలుక మీద పెట్టుకుంది. కూజాలోని మంచినీళ్లన్నీ తాగి, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజునుంచి మరమరాలు కూడా మానేసింది.

ఇదంతా మాసీమా ఆ సాయంత్రం నాకు గోడ దగ్గర చెప్పింది. చెబుతూ నవ్వు ఆపుకోవడానికి పమిట నోట్లో కుక్కుకుంది, మధ్యలో కళ్లు తుడుచుకుంది కూడా. అత్తగారు నిజంగానే ఏమీ ముట్టడం లేదట. నేను లోపలికి వచ్చి, కాగితం మీద గోగుపువ్వు నిలువుకోత పటం గీసి, భాగాలకు పేర్లు రాసి, వాళ్లకు కావలసింది ఫలానా భాగమని అమ్మకు వివరించాను. అమ్మ పటాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. తప్పు మాటలో జరిగిందన్నది ఆమెకు వెంటనే అర్థమైంది. మింగుడుపడనిది వేరొకటి.

“అయితే పువ్వు దాకా ఉంచాలేటి? ఉంచితే మనోళ్లేటి అనుకుంటారు?”

అయినా ఒక ముసలిప్రాణం తన చేతి పని వల్ల పస్తుంటోందన్న మాట అమ్మను ఆ రాత్రి అన్నం తిననివ్వలేదు. పూసిన గోంగూర ఎక్కడున్నా తీసుకురమ్మని మర్నాడు నాన్ననూ నన్నూ తరిమింది. లిలువాలో మా తెలుగువాళ్ల ఇళ్లన్నీ తిరిగాం. ఒక్కచోట కూడా మర్యాద దక్కలేదు. మీ గోంగూర ఏమైనా పూసిందా అని నాన్న ఎంత వినయంగా అడిగినా, ఆ ఇంటి ఇల్లాలి ముఖం మాడిపోయేది. మా ఇంట్లో అలాంటివి జరగవని ఒకావిడ తలుపు వేసింది. ఇంకొకావిడ మమ్మల్ని పెరట్లోకి లాక్కుపోయి, కళ్లతో చూసుకోమని మోడులు చూపించింది. మా నాన్నకు దూరపు వరసలో అత్త అయ్యే మరొకావిడ అయితే, ఇది మీ ఆవిడ పంపిన ఎత్తిపొడుపేనా అని నిలదీసింది. సాయంత్రానికి మా కుటుంబానికి లిలువాలో ఉన్న స్నేహాలలో సగం తెగిపోయాయి.

ఇక మిగిలింది టికియాపారాలో మా పిన్ని ఇల్లు. పిన్ని మా నాన్న తమ్ముడి భార్య, అంటే అమ్మకు తోడికోడలు. పని ముగిస్తే ముగిసిందని, లేకపోతే లేదని, మధ్యాహ్నం రేడియో పక్కన నిశ్చింతగా నడుం వాల్చే స్వభావం ఆమెది. ఆమె పెరట్లో గోంగూర ఏటేటా పూసేది. అమ్మ ఈ సంగతిని పెళ్లిళ్లలో, పేరంటాలలో ఎంత ప్రచారం చేసిందంటే, ఎవరైనా పనికి బద్ధకించినప్పుడు టికియాపారా గోంగూర అనడం మా బంధువులందరికీ అలవాటైపోయింది. ఆ మాట పిన్ని చెవినా పడింది.

నాన్న ఒక్కడే వెళ్లి వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. గోంగూర ఉంది, కావలసినంత ఉంది. పిన్ని ఆయనకు టీ ఇచ్చి, బిస్కట్లు పెట్టి, చెప్పవలసింది చెప్పి పంపింది. “బావగారూ, మీరడిగితే కాదనే దాన్నా? కాని పువ్వు గురించి మాటాడింది అక్క. అక్కనే రమ్మనండి.”

అమ్మ కడిగిన రోలునే మళ్లీ మళ్లీ కడిగింది. పక్కింటి కిటికీలో మాసీమా గిన్నె పట్టుకుని బతిమాలుతున్న గొంతు వినిపిస్తూనే ఉంది. మర్నాడు ఆదివారం. తెల్లవారగానే అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, నన్ను తోడు రమ్మంది. లిలువాలో లోకల్ ఎక్కి హౌరాలో దిగాం. టికియాపారా వేరే లైను కనుక అక్కడ మరో లోకల్ మారాం. దారి పొడుగునా అమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. స్తోత్రం చదువుకుంటోందనుకున్నాను. అడగవలసిన మాటను అలవాటు చేసుకుంటోందట.

పిన్ని గుమ్మంలోనే ఎదురైంది. “రా అక్కా. ఏటి, ఇలా దారి మళ్లినావు?” అని కుర్చీ వేసింది. అమ్మ కూర్చుని రైళ్ల గురించి మాట్లాడింది. చలి ముందుగా వచ్చిందంది. పిన్ని అన్నిటికీ ఔనంటూ, తన వంతుగా ఒక్క ముక్కయినా అందించకుండా, చేతులు కట్టుకుని నిలబడింది. టీ తాగడం అయింది. ఖాళీ గ్లాసును అమ్మ చాలాసేపు తిప్పింది.

“మీ గోంగూర పూసిందట.”

“పూసింది. ఏటా పూస్తాది. నువ్వే కదా అందరికీ చెప్తన్నావు.”

“పక్కింటి ముసలమ్మ తిండి మానేసింది. పూసిందే కావాల. మనోళ్లలో ఇంకెవ్వురింటా లేదు.”

“అయితే నా బద్ధకం పనికొచ్చిందన్నమాట.”

“వచ్చింది,” అంది అమ్మ. ఆ మూడక్షరాలకే లిలువా నుంచి అంత అభ్యాసం అవసరమైంది.

పిన్ని నవ్వలేదు, ఇంకేమీ సాధించనూ లేదు. అమ్మ చేయి పట్టుకుని లేవదీసింది. “బద్ధకం కాదక్కా. చూద్దారని ఉంచినాను. పొద్దున్నే విచ్చుకుంటాది, ఎండెక్కితే ముడుచుకుపోతాది. రా, ఉన్నప్పుడే చూడు.”

పెరట్లో మొక్కలు మనిషెత్తు దాటి గోడమీదకు వాలి ఉన్నాయి. కింది కొమ్మలనిండా దొప్పలు కట్టిన ఎర్రటి కాయలు, పైన ఇంకా విచ్చుకుంటున్న పువ్వులు. మా అమ్మ పుట్టింది గోగు పండే నేల మీద, పెళ్లయిన నాటినుంచి పెరట్లో గోంగూర లేని ఏడు లేదు. అయినా ఊళ్లో దూరంగా చేలల్లో పసుపుపచ్చగా కనబడడమే తప్ప, ఆ పువ్వును అంత దగ్గరగా ఆమె ఎన్నడూ చూడలేదు. తానే చూడనివ్వలేదు. వంగి, ఒకదాన్ని కోయకుండా వేళ్లతో ఎత్తి పట్టుకుని, ఎంతసేపు చూసిందో. తరువాత పిన్నితో మెల్లగా, ఈ మచ్చ ఎవరో బొట్టు పెట్టినట్టుందే అంది. పిన్ని అవునక్కా అంది. వాళ్లిద్దరూ ఎదురుబొదురుగా నిలబడి వాదం లేకుండా ఒక విషయంలో ఏకీభవించడం నేను చూడడం అదే మొదలు.

కాయలు సంచీ నిండా కోశాక, ఇవి తినే మనుషులెవరో తానూ చూడాలని పిన్ని చెప్పులు వేసుకుని మాతో బయలుదేరింది. లిలువాలో మాసీమా గోడ పక్కనే కత్తిపీట పెట్టి దొప్పలు ఒలిచింది. అమ్మ, పిన్ని తలా ఒక చేయి వేశారు. అవి ఉడుకుతుంటే వచ్చిన రంగును వర్ణించడానికి నా ఇంకు సీసాలలో సరైనది లేదు. చల్లారాక గిన్నెలో పోసి ఠాకుమా మంచం దగ్గరకు తీసుకువెళ్లారు. అందరం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాం. నాన్న కూడా గోడ దాటి వచ్చాడు.

ఠాకుమా గోడ వైపునుంచి ఇటు తిరిగింది. గిన్నెలోకి చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. చెంచాడు తీసి నోట్లో పోసుకుంది. కళ్లు మూసుకుంది. ఠాకుమా కళ్లు తెరిచి కోడలి వైపు తీక్షణంగా చూసింది.

“ఎటా టొక్ నా, షర్బత్.”

ఇది టొక్ కాదు, షర్బత్ అట. మాసీమా చేయి అలవాటుకొద్దీ చక్కెర డబ్బా వైపు వెళ్లింది మరి. అక్కడినుంచి ముసలావిడ ఆగలేదు. ఇటు గట్టు వాళ్లకు వంట రాదంది, చక్కెరతో పెరిగిన చేతులంది, ఇన్నేళ్ల కాపురంలో ఎన్నడు తన మాట విన్నారంది. జ్వరం తగ్గినప్పటినుంచి ఆమె గొంతు అంత పెద్దగా వినబడలేదని, తిట్లు తింటూనే మాసీమా కొంగుతో కళ్లు ఒత్తుకుంది. చివరికి ఠాకుమా అలమరలో పారేసిన ఆ మద్రాసీ టొక్ తెమ్మని ఆజ్ఞాపించింది. అమ్మ జాడీ వచ్చింది. ఎర్రటి టొక్‌లో చెంచా కొసన కాస్త నల్లటి తొక్కు వేసి కలిపి, రుచి చూసి, ఇంకాస్త వేసి, అప్పుడు అన్నం ఏదని అడిగింది.

అన్నం పెట్టమని అమ్మ తెలుగులోనే మాసీమాను తొందరపెట్టింది. మాసీమాకు అర్థమైంది.

ఆ తరువాత ఏటా అమ్మ గోడ పక్క మొక్కలను పువ్వుకు వదిలేసేది. చూసిన చుట్టాలు చెవులు కొరుక్కుంటే పిన్నికంటె ముందు తానే జవాబు చెప్పేది. ఠాకుమా మరెన్నో ఏళ్లు బతికి, ఏ ఏడాది టొక్‌కూ బాగుందన్న మాట ఒక్కసారైనా అనకుండా, గిన్నె మాత్రం నాకి ఖాళీ చేసి వెళ్లిపోయింది. నాన్న రిటైరై మేము ఆ క్వార్టరు వదిలాం. అమ్మా లేదు, పిన్నీ లేదు.

ఇప్పుడు నేనుంటున్న చోట అందరూ మర్యాదస్థులే. లిఫ్టులో కలిస్తే పలకరిస్తారు, మనవలు మూడు నాలుగు భాషలు తప్పు లేకుండా మాట్లాడతారు, ఎవరి మాటా ఎవరికీ ఇంకోలా వినబడే ప్రమాదమే లేదు. పచ్చడి చేసి పక్క ఫ్లాటుకు పంపితే గిన్నె శుభ్రంగా కడిగి వస్తుంది. వెంట ఫోనులో చక్కని బొటనవేలి బొమ్మ వస్తుంది. కారం మండిందనీ, చక్కెర ఎక్కువైందనీ, నేనడిగింది ఇది కానే కాదనీ కసిరేవాళ్లు లేరు. అలా కసరడానికి మనిషికి ఎంత చనువుండాలో, ఎన్నాళ్లు ఒకే గోడకు అటూ ఇటూ బతికి ఉండాలో ఇప్పుడు తెలుస్తోంది. కొలతలు తప్పని మనిషిని నేను, ఉప్పూ కారం తూచినట్టే వేస్తాను. అయినా నా పచ్చడి ఏటికేడు కొంచెం చప్పబడుతోందని నాకొక అనుమానం. ఔనో కాదో చెప్పమని అడిగితే, అందరూ బాగుందనే అంటున్నారు.